మూడు సంస్థలు, ఒకే చిట్టా: డయాలసిస్ రోగుల రికార్డులను బ్లాక్‌చెయిన్‌తో ముడిపెట్టిన అనుభవం

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు కిడ్నీ ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగం నా బాధ్యత. మా ఆసుపత్రి, శ్రీకాకుళం జిల్లాలోని ఒక డయాలసిస్ కేంద్రం, అదే జిల్లాలోని ఒక ల్యాబు కలిసి 2024 జనవరిలో రోగుల రికార్డులను బ్లాక్‌చెయిన్ (ఒకసారి రాసిన పద్దును ఎవరూ గుట్టుగా మార్చలేని ఉమ్మడి చిట్టా) సాయంతో పంచుకునే పని తలపెట్టాయి. అది ఒక దారిన పడటానికి ఏడాదిన్నర పైనే పట్టింది. ఈ మధ్య వేరే ఆసుపత్రులవారు ఫోన్ చేసి ఎంత ఖర్చయింది, ఎన్నాళ్లు పట్టింది, అసలు పనికొస్తుందా అని అడుగుతున్నారు. ప్రతిసారీ సగం చెప్పి సగం మరిచిపోతున్నాను కాబట్టి, జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

మా రోగుల్లో చాలామంది ఉద్దానం ప్రాంతంవారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఊళ్ల నుంచి వస్తారు. నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) చూపించుకోవడానికి నెలకో రెండు నెలలకో విశాఖ వస్తారు, వారానికి రెండు మూడుసార్లు తప్పని డయాలసిస్‌ను ఇంటికి దగ్గరలో చేయించుకుంటారు, రక్తపరీక్షలు మరోచోట. ఈ మూడు చోట్ల మధ్య సమాచారాన్ని మోసేది రోగి చేతిలోని ప్లాస్టిక్ సంచి ఒక్కటే. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ పరీక్షల రిపోర్టు. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే మెషీన్ కేటాయించాలి కాబట్టి, ఆ రిపోర్టు చూడనిదే డయాలసిస్ కేంద్రాలు కొత్త రోగిని మెషీన్ మీదికి తీసుకోవు. పాతబడితే మళ్లీ చేయించుకు రమ్మంటాయి. 2023 చివర్లో ఒక రోగి తెచ్చిన జిరాక్సు కాపీలో తేదీ దిద్ది ఉండటాన్ని డయాలసిస్ కేంద్రంలోని టెక్నీషియన్ పసిగట్టారు. ఎవరినో మోసగించాలని చేసిన పని కాదది. పరీక్షకయ్యే డబ్బూ ఒక రోజు కూలీ మిగులుతాయని ఇంట్లోవారెవరో దిద్దారు. కానీ అదే మెషీన్ మీద తరవాత పడుకోబోయే మనిషి సంగతి వేరు. మా డాక్టరు గారు ఆ జిరాక్సును నా బల్ల మీద పెట్టి, "ఇది అసలు రిపోర్టో కాదో అక్కడి టెక్నీషియన్ నిమిషంలో తేల్చుకునే దారి చూడండి" అన్నారు. అంతకు ఏడాది ముందు, 2022 నవంబరులో, ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి అక్కడ కొన్నాళ్లు పనులన్నీ కాగితాల మీద నడిచిన సంగతి మా యాజమాన్యం ఇంకా మరిచిపోలేదు. ఈ రెండూ కలిసి బ్లాక్‌చెయిన్ అనే మాటను మా సమావేశాల్లోకి తెచ్చాయి.

జనవరిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవారు వచ్చి ఎస్తోనియా దేశాన్ని చూపించారు. ఆ దేశం 2016లో గార్డ్‌టైమ్ అనే సంస్థతో కలిసి ఆరోగ్య రికార్డులకు బ్లాక్‌చెయిన్ రక్షణ ఏర్పాటుకు పూనుకున్న మాట నిజమే. కాని అక్కడ కూడా రోగుల రికార్డులు బ్లాక్‌చెయిన్‌లో ఉండవు. రికార్డునూ, దాన్ని ఎవరెప్పుడు చూశారన్న లాగ్‌నూ ఎవరూ మార్చలేదని రుజువు చేసే ముద్రలు మాత్రమే అందులో ఉంటాయి. ఈ తేడా తెలియక మా డైరెక్టర్లలో ఒకరు, "అయితే మన కేస్ షీట్లన్నీ మూడు చోట్లా కాపీ అవుతాయా?" అని కంగారు పడ్డారు. కావు. మేము చివరికి ఒప్పుకున్న పద్ధతి ఇది: రిపోర్టు ఎవరు తయారుచేస్తే వారి సర్వర్‌లోనే, తాళం వేసిన రూపంలో ఉంటుంది. దాని నుంచి ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో లెక్కగట్టిన అరవై నాలుగు అక్షరాల హాష్, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది, మాత్రం ఉమ్మడి చిట్టాకు ఎక్కుతుంది. రోగి ఎవరికి, ఏ రిపోర్టు, ఏ తేదీ వరకు చూడటానికి అనుమతి ఇచ్చారన్నదీ, దాన్ని ఎవరు తెరిచారన్నదీ అదే చిట్టాలో నమోదవుతాయి. చిట్టా కాపీ ఒక్కోటి మూడు సంస్థల దగ్గరా ఉంటుంది. కనీసం రెండు సంస్థల సంతకం లేనిదే కొత్త పద్దు పడదు. ఇది బిట్‌కాయిన్‌లా ఎవరైనా చేరగలిగే బ్లాక్‌చెయిన్ కాదు. లినక్స్ ఫౌండేషన్ నీడలో తయారైన హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అనుమతి ఉన్నవారే ఇందులో చేరగలరు, నాణేలూ ఉండవు, పద్దులు ఖాయం చేయడానికి కంప్యూటర్లతో భారీ లెక్కలు చేయించి కరెంటు తినే మైనింగూ ఉండదు.

సాంకేతికం సంగతి అలా ఉంచితే, ఒప్పందం కుదరడానికే మే నెల దాకా పట్టింది. ల్యాబు యజమాని భయం ఒకటే: రిపోర్టులన్నీ నేరుగా ఆసుపత్రికి అందితే, రేపు ఆసుపత్రే సొంత ల్యాబు తెరిచి తన రోగులను లాగేసుకుంటుందేమోనని. డయాలసిస్ కేంద్రంవారికి, ఏ రోగి ఎన్ని సెషన్లు మానేశారో అందరికీ తెలిసిపోతుందన్న సంకోచం. ఖర్చు ఎవరిదన్న చోట చర్చ ఆగిపోయి, వారాల తరబడి ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. చివరికి తయారీ ఖర్చంతా ఆసుపత్రి భరించేటట్టు, ఎవరి సర్వర్ అద్దె వారు కట్టుకునేటట్టు తేలింది. రోగి అనుమతి ఇచ్చిన పని కోసం తప్ప సమాచారాన్ని వ్యాపారానికి వాడకూడదన్న షరతును ల్యాబువారే పట్టుబట్టి రాయించారు. ఈ పనికి దిగబోయేవారు సాఫ్ట్‌వేర్ కంపెనీని పిలవడానికి ముందే ఈ మాటలు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే కంపెనీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

జూన్ మొదట్లో వ్యవస్థ సిద్ధమైందని కంపెనీ కబురు పంపింది. చూపించడానికి వచ్చిన కుర్రవాడిని, మా ఆసుపత్రి సర్వర్ ఏది, ల్యాబు సర్వర్ ఏది అని అడిగాను. మూడూ ఒకే క్లౌడ్ ఖాతాలో ఉన్నాయి, ఆ ఖాతా కంపెనీ పేరు మీద ఉంది. పద్దుల మీద మా తరఫున సంతకం చేసే ప్రైవేట్ కీ, అంటే మా డిజిటల్ సంతకానికి రహస్య తాళంచెవి, ఎక్కడుందని అడిగితే అదీ అక్కడే ఉందన్నాడు. మూడు సంస్థల కీలూ ఒకే ఫోల్డరులో, పక్కపక్కనే. అంటే కంపెనీలో ఒక్క ఉద్యోగి తలుచుకుంటే మా ముగ్గురి సంతకాలూ తానే పెట్టి చిట్టాను కావలసినట్టు రాయగలడు. ఇంటి పత్రాలూ, బీరువా తాళాలూ, సంతకం స్టాంపూ అన్నీ మేస్త్రీ చేతిలో పెట్టి ఇల్లు మాదే అనుకోవడం లాంటిది ఇది. "పైలట్ దశలో అందరూ ఇలాగే చేస్తారు సార్" అని వారన్నారు. అందరూ ఇలాగే చేస్తే ఆ పైలట్లను బ్లాక్‌చెయిన్ అనడం దేనికని నా అభిప్రాయం. అది నిదానంగా నడిచే ఒక మామూలు డేటాబేసు, అంతే.

ఆ రోజు సాయంత్రం యాజమాన్యానికి ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. అప్పటికే సగం డబ్బు చెల్లించి ఉన్నాం. అయినా వారు పట్టుదలగా నిలబడ్డారు. మూడు సంస్థలకు వేరువేరు క్లౌడ్ ఖాతాలు తెరవడం, జులైలో ముగ్గురమూ ఒకే గదిలో కూర్చుని ఎవరి కీ వారే తమ ల్యాప్‌టాప్‌లో తయారుచేసుకోవడం, పాత కీలన్నిటినీ రద్దు చేయడం జరిగాయి. కీలను దాచే ప్రత్యేక పరికరాలు ఉన్నాయి కాని వాటి ధర మా స్థాయికి మించింది. అందుకని పాస్‌వర్డుతో తాళం వేసిన కాపీని పెన్‌డ్రైవులో పెట్టి, సీలు వేసిన కవరులో ఉంచి, ఎవరి కవరు వారు బీరువాలో భద్రపరిచారు. మా కవరు నార్కోటిక్ మందుల రిజిస్టరు ఉండే అరలోనే ఉంది. ఆ అర తెరవాలంటే ఎలాగూ ఇద్దరు ఉండాలి.

ఇక పాత రికార్డులు. కేస్ షీట్లు స్కాన్ చేయడానికి పేజీకి రూపాయి చొప్పున బయటివారికి ఇచ్చాం. డబ్బు కన్నా తలనొప్పి తెచ్చిపెట్టినవి పేర్లు. ఒకే రోగి మా దగ్గర ఇంటిపేరు ముందు, ల్యాబులో ఇంటిపేరు వెనక, డయాలసిస్ కేంద్రంలో ఇంటిపేరే లేకుండా ఉంటారు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో మా డేటా ఎంట్రీ అమ్మాయిలను అడిగితే చెబుతారు. ఇందులో ఊరట కలిగించింది ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య అయిన పద్నాలుగు అంకెల ఆభా నంబరు. చాలామందికి అది తమకు ఉన్నట్టే తెలియదు. ఏదో ఆరోగ్య శిబిరంలో ఆధార్ చూపించినప్పుడు వచ్చి ఉంటుంది. మూడు చోట్లా ఆ నంబరు కలిసినవారిని ఒకరిగా జోడించాం, మిగిలినవారిని పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు, ఊరు చూసి ఒక్కొక్కరిగా సరిపోల్చాం.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. రోగి గుర్తింపును చిట్టాలో నేరుగా రాయకుండా ఫోన్ నంబరు హాష్ రాస్తే చాలునని కంపెనీ మొదట ప్రతిపాదించింది. వినడానికి భద్రంగానే ఉంటుంది. కాని పది అంకెల నంబర్లన్నిటికీ హాష్‌లు లెక్కగట్టి పోల్చి చూడటం మామూలు కంప్యూటరుకు పెద్ద పనేమీ కాదు. చిట్టా కాపీ చేతిలో ఉన్నవారెవరైనా కొద్దిసేపట్లో ఫలానా నంబరు మనిషి కిడ్నీ రోగి అని తేల్చేయగలరు. కాబట్టి ఒక్కో రోగికీ వేరే రహస్య సంఖ్యను జోడించి ఆ తరవాతే హాష్ తీసేటట్టు మార్పించాం. ఆ రహస్య సంఖ్య చిట్టాలో ఉండదు, రికార్డు ఉన్న చోటే ఉంటుంది. ఇది తరవాత మరో విధంగానూ అక్కరకొచ్చింది, ఆ సంగతి ముందుకు వస్తుంది.

రోగి అనుమతి ఓటీపీతో తీసుకోవాలని అనుకున్నాం. సెప్టెంబరులో మొదలుపెట్టిన రోజు ఉదయం కౌంటరు దగ్గర నేనే నిలబడ్డాను. మొదట వచ్చిన పెద్దాయనను ఫోన్‌లో నంబరు వచ్చిందేమో చూడమంటే, "ఫోను మా గుంటడి కాడ ఉంది బాబూ, ఆడు సెన్నైలో ఉన్నాడు" అన్నారు. కొడుకుకు ఫోన్ చేస్తే, ఎవరో మోసగాళ్లు ఓటీపీ అడుగుతున్నారని అతను పెట్టేశాడు. తప్పు అతనిది కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు రోజూ చెబుతున్నది అతను శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు క్యూ ఎంత పొడవు పెరిగిందో, గొణుగుళ్లు ఎంత దూరం వినిపించాయో చెప్పలేను. వారం తిరిగేసరికి పద్ధతి మార్చాం: ఫోన్ లేనివారికి తెలుగులో ఒక పేజీ అనుమతి పత్రం చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకుని, వెంట వచ్చినవారు సాక్షి సంతకం పెట్టాక, ఆ పత్రాన్ని స్కాన్ చేసి దాని హాష్‌ను చిట్టాకు ఎక్కించసాగాం. పత్రం చదివి వినిపించడానికి ఒక మనిషిని పూర్తిగా ఆ పనికే పెట్టవలసి వచ్చింది. ఆ జీతం మా ప్రణాళికలో ఎక్కడా లేదు.

ఎస్ఎంఎస్‌ల సంగతి మరో ఆశ్చర్యం. రికార్డు తెరిచిన ప్రతిసారీ రోగికి తెలుగులో సందేశం వెళ్లాలని ముచ్చటపడ్డాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆసుపత్రి పేరునూ, పంపబోయే సందేశం నమూనానూ టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందుగా నమోదు చేసుకోవాలి. ఆ వేదిక కూడా ఒక ఉమ్మడి చిట్టాయే, 2021 నుంచి దేశమంతటా సంస్థలు పంపే సందేశాలు దాని మీదుగానే వెళుతున్నాయి. మేము బ్లాక్‌చెయిన్ గురించి తలపట్టుకోక ముందే మా ఫోన్లలోకి అది వచ్చేసి ఉందన్నమాట. నమోదుకు కొన్ని వారాలు పట్టింది, రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఇంగ్లిషులో నూట అరవై అక్షరాలు పట్టే ఒక ఎస్ఎంఎస్‌లో తెలుగు డెబ్బై మాత్రమే పడుతుంది, అవీ గుణింతాలనూ ఒత్తులనూ విడివిడిగా లెక్కగడితే. మా మర్యాదపూర్వకమైన సందేశం మూడు ఎస్ఎంఎస్‌ల బిల్లు అయింది. దాన్ని కుదించడానికి నేనూ మా పీఆర్వో గారూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. చివరికి రెండుకు దించగలిగాం, "గౌరవనీయులైన" అన్న మాట పోయింది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ అక్టోబరులో తగిలింది. డయాలసిస్ కేంద్రంలో రిపోర్టు కింది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెర మీద ఆకుపచ్చ గుర్తు రావాలి. హాష్ సరిపోకపోతే ఎర్ర గుర్తు, "ఈ పత్రం మారినది" అన్న హెచ్చరిక వస్తాయి. ఒక సోమవారం ఉదయం వరసగా ఎర్ర గుర్తులే. ఆ కేంద్రం ఇన్‌చార్జి మేడం నాకు ఫోన్ చేసి, "సార్, మీ లెక్కన ఈ రోజు వచ్చినవాళ్లంతా దొంగ రిపోర్టులు తెచ్చినట్టే. వీళ్లను మెషీన్ ఎక్కించమంటారా, ఇంటికి పంపమంటారా?" అన్నారు. డయాలసిస్ ఆలస్యమైతే ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలయ్యే మనుషులు వాళ్లు. పాత పద్ధతిలో ల్యాబుకు ఫోన్ చేసి ఒక్కో రిపోర్టూ చదివించుకుని తీసుకోమన్నాను. ఆ గంటన్నర నాకు గొంతులో మంచినీళ్లు దిగలేదు.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ల్యాబు సాఫ్ట్‌వేర్ రిపోర్టును ఒకసారి తయారుచేసి దాచదు. ప్రింట్ నొక్కిన ప్రతిసారీ పీడీఎఫ్‌ను కొత్తగా తయారుచేస్తుంది, అందులో ప్రింట్ తీసిన తేదీ, సమయం వేస్తుంది. అంకెలన్నీ అవే, డాక్టరు సంతకం అదే, కింద మూలన చిన్న అక్షరాల్లో సమయం మాత్రం మారుతుంది. ఒక్క అక్షరం మారినా హాష్ మొత్తం మారిపోతుంది కదా. వారాంతంలో ల్యాబువారు చాలా రిపోర్టులు తిరిగి ప్రింట్ తీశారు. అవన్నీ కొత్త పీడీఎఫ్‌లయ్యాయి, చిట్టాలో ఉన్నవి పాత హాష్‌లు. దీన్ని సరిచేయడానికి బ్లాక్‌చెయిన్‌లో ముట్టుకోవలసింది ఏమీ లేదు. పాథాలజిస్టు ఆమోదించిన క్షణంలో పీడీఎఫ్‌ను తయారుచేసి అలాగే దాచి, ఎన్నిసార్లు అడిగినా అదే ఫైలు ఇచ్చేటట్టు ల్యాబు సాఫ్ట్‌వేర్‌ను మార్చాలి. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవారు వేరే కంపెనీ. వారి వంతు వచ్చేసరికి ఐదు వారాలు. ఈలోగా ఎర్ర గుర్తును పసుపు చేసి, "ల్యాబుతో నిర్ధారించుకోండి" అని రాయించాం. నిజంగా తప్పు దొర్లి రిపోర్టును సవరించవలసి వస్తే పాతదాన్ని తీసివేయకుండా, దానికి తగిలించిన రెండో ప్రతిగా కొత్తది ఎక్కించే పద్ధతిని కూడా అప్పుడే పెట్టాం. క్యూఆర్ స్కాన్ చేస్తే "దీనికి సవరించిన ప్రతి ఉంది" అని చూపిస్తుంది.

లామినేషన్ గురించి ఎవరూ హెచ్చరించలేదు. ముఖ్యమైన కాగితమని చెప్పగానే మా రోగులు చేసే మొదటి పని దాన్ని లామినేషన్ చేయించడం. ట్యూబులైటు వెలుతురు ఆ మెరుపు మీద పడి క్యూఆర్ కోడ్ స్కాన్ కాదు. క్యూఆర్ కింద ఎనిమిది అక్షరాల కోడ్ కూడా ముద్రించడం మొదలుపెట్టాక టెక్నీషియన్లు అది టైపు చేసుకుంటున్నారు.

నవంబరులో మా డాక్టరు గారే ఒక లోపాన్ని పట్టుకున్నారు. చిట్టాలో రిపోర్టు ఉండదు, నిజమే. కాని ఏ రకం రిపోర్టో ఉంటుంది. ఒక రోగికి సాధారణంగా చేసే పరీక్షలు కాకుండా హెచ్‌ఐవీ నిర్ధారణ పరీక్ష అని ఒక పద్దు పడితే, రిపోర్టు తెరవకపోయినా విషయం బయటపడినట్టే. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ గోప్యత కాపాడటం మా బాధ్యత. రిపోర్టుల పేర్లను చిట్టాలోంచి తీసేసి అర్థంలేని సంఖ్యలు పెట్టించాం. ఇద్దరికి మాత్రమే సంబంధించిన పద్దులను మూడోవారి ప్రతిలోకి రాకుండా ప్రైవేటు విభాగంలోకి మార్పించాం. ఇది ముందే ఆలోచించవలసిన విషయమని కంపెనీవారు ఒప్పుకున్నారు కాని, అదనపు పని కింద బిల్లు మాత్రం వేశారు.

డిసెంబరులో ఒక రాత్రి పలాస వైపు నుంచి అంబులెన్సులో ఒకాయనను తెచ్చారు. ఆయాసం, పొటాషియం ఎక్కువ, మాట్లాడే స్థితి లేదు. వెంట వచ్చిన పొరుగాయనకు రోగి పేరు తప్ప ఏమీ తెలియదు. ఇలాంటి వేళకు అనుమతి లేకుండా తెరిచే అత్యవసర మార్గం పెట్టి ఉంచాం: డ్యూటీ డాక్టరు, నర్సింగ్ సూపర్‌వైజరు ఇద్దరూ తమ లాగిన్‌తో కారణం రాసి తెరవాలి. ఇద్దరూ తెరిచారు. డయాలసిస్ కేంద్రంలో నమోదైన డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండవలసిన బరువు), ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి సిద్ధం చేసిన రక్తనాళం) ఏ చేతికి ఉందన్నది, నెలన్నర క్రితపు హెపటైటిస్ రిపోర్టు నిమిషాల్లో తెర మీదికి వచ్చాయి. ఏ మెషీన్ వాడాలన్న మీమాంస లేకుండా డయాలసిస్ మొదలుపెట్టారు. ఈ పనంతా ఎందుకు చేశామో ఆ రాత్రి స్పష్టంగా తెలిసింది. తెల్లవారేసరికి ఆయన కుదుటపడ్డారు. కాని తెల్లవారకముందే, వేరే ఊళ్లో పనిచేస్తున్న ఆయన కొడుకుకు "మీ వైద్య రికార్డు అత్యవసరంగా తెరవబడింది" అన్న సందేశం వెళ్లింది. తండ్రిని ఆసుపత్రికి తెచ్చారని అతనికి అప్పటికి ఎవరూ చెప్పలేదు. "మా నాన్నకేటయింది సార్?" అని అతను ఫోన్‌లో అడిగిన గొంతు విన్నాక, ఆ ఒక్క రకం సందేశాన్ని యంత్రం పంపడం ఆపించాం. ఇప్పుడు ముందుగా మా మనిషి ఫోన్ చేస్తాడు, ఆ తరవాతే సందేశం వెళుతుంది.

లోపలి సంగతి ఒకటి. ఎవరు ఏ రికార్డు తెరిచారో మూడు చోట్లా చెరగకుండా ఉంటుందని తెలిశాక, తెలిసినవారి ఫైళ్లను ఊరికే తెరిచి చూసే అలవాటు మా దగ్గర దాదాపు ఆగిపోయింది. పాత వ్యవస్థలోనూ లాగ్ ఉండేది, కాని దాన్ని తుడిచే అధికారం మా ఐటీ విభాగం చేతిలోనే ఉండేది, ఆ సంగతి అందరికీ తెలుసు.

2025 జులైలో ఒక ఉదయం వ్యవస్థ మొత్తం నిలిచిపోయింది. సర్వర్లు నడుస్తున్నాయి, ఇంటర్నెట్ ఉంది, ఒక్క పద్దూ పడటం లేదు. ఫ్యాబ్రిక్‌లో ప్రతి సర్వరుకూ, ప్రతి సంస్థకూ గుర్తింపు కార్డు లాంటి ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. ప్రత్యేకంగా మార్చకపోతే దాని ఆయుష్షు ఒక ఏడాది. ముందటేడు జులైలో అందరమూ ఒకే గదిలో కూర్చుని ఒకే రోజు తయారుచేసుకున్నాం కాబట్టి, అన్నీ ఒకే రోజు గడువు దాటాయి. మూడు సర్వర్లలో ఒకటి ఆగినా మిగిలిన రెండింటితో చిట్టా నడుస్తుందని మాకు చెప్పినది నిజమే, కాని మూడూ ఒకేసారి ఆగితే ఆ ధీమా ఎందుకూ కొరగాదు. నిర్వహణ ఒప్పందంలో సర్టిఫికెట్ల మాట లేదని కంపెనీ చెప్పింది. మళ్లీ చదివితే నిజంగానే లేదు. సర్వర్ల గడియారాన్ని వెనక్కి తిప్పి వాటిని లేపి, కొత్త సర్టిఫికెట్లు తీసుకుని, బీరువాలోని కవర్లు తెరిచి సరిచేసేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ ప్లాస్టిక్ సంచులే మమ్మల్ని ఆదుకున్నాయి. కాగితం ప్రతులు ఇవ్వడం మానేయాలన్న ప్రతిపాదనకు అక్కడితో తెరపడింది. ఇప్పుడు ఒక్కో సంస్థ సర్టిఫికెట్ ఒక్కో నెలలో ముగిసేటట్టు పెట్టాం, రెండు నెలల ముందే గుర్తుచేసే ఏర్పాటూ ఉంది.

చట్టం వైపు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తన సమాచారం తీసివేయమని కోరే హక్కు మనిషికి ఉన్నప్పుడు, ఎన్నటికీ చెరగని చిట్టాలో ఉన్నదాన్ని ఏం చేయాలన్నది మా లాయరు గారి మొదటి ప్రశ్న. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను కనీసం మూడేళ్లు దాచాలన్న వైద్య మండలి నియమం ఒకవైపు ఉండనే ఉంది. దాచవలసిన గడువు తీరాక రికార్డునూ, ఇందాక చెప్పిన రహస్య సంఖ్యనూ తుడిచేస్తే, చిట్టాలో మిగిలే హాష్ నుంచి ఎవరినీ గుర్తుపట్టలేరు. ఆ పద్ధతికి ఆయన ఒప్పుకున్నారు. ఆయనను సంతోషపెట్టింది మాత్రం భారతీయ సాక్ష్య అధినియం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం కింద, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో దాని హాష్ విలువ కూడా రాయాలి. మా దగ్గర అది రిపోర్టు పుట్టిన రోజునే నమోదై ఉంటుంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. శాంపిల్ ట్యూబు మీద పేరు తప్పు పడితే, ఆ తప్పు రిపోర్టు కూడా అంతే భద్రంగా, ఆకుపచ్చ గుర్తుతో ఉంటుంది. తరవాత ఎవరూ దిద్దలేదని చిట్టా చెప్పగలదు, మొదట రాసింది నిజమని చెప్పలేదు.

ఖర్చు అడిగేవారికి: తయారీకి మా ఆసుపత్రికి పదకొండు లక్షల పైన అయింది, అందులో మూడో వంతు అదనపు పనుల బిల్లులే. సర్వర్ అద్దె ఒక్కో సంస్థకు నెలకు తొమ్మిది వేల చిల్లర. స్కానింగు, ఎస్ఎంఎస్‌లు, అనుమతి పత్రం చదివి వినిపించే ఉద్యోగి జీతం వేరు. ఇద్దరే భాగస్వాములు, అదీ ఒకే యాజమాన్యం కింద ఉంటే, ఇదంతా అనవసరం. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్, మంచి బ్యాకప్ చాలు. ఒకరినొకరు పూర్తిగా నమ్మని ముగ్గురు ఉన్నారు కాబట్టే మాకు ఇది గిట్టుబాటయింది.

ఇప్పుడు పలాస వైపు మరో డయాలసిస్ కేంద్రం చేరతామంటోంది. నలుగురైనంత మాత్రాన చిట్టా మరింత గట్టిపడదు. పద్దుల వరుస తేల్చే సర్వర్లలో సగానికి పైగా ఎప్పుడూ నడుస్తుండాలి కాబట్టి, నాలుగు పెట్టుకున్నా ఒకటి ఆగడాన్నే తట్టుకోగలం. రెండింటిని తట్టుకోవాలంటే ఐదు కావాలి. అందుకని వారికి చిట్టా ప్రతి ఉండే సర్వరును మాత్రమే ఇచ్చి, వరుస తేల్చే పనిని పాత ముగ్గురి దగ్గరే ఉంచాలని అనుకున్నాం. ఆ ఒప్పందం ముసాయిదా వారి లాయరు దగ్గర ఫిబ్రవరి నుంచి ఉంది.